పట్టుచీర మడతలో మాత్రలు

ఈ వారం ఉత్తరం రాసిన అమ్మాయికి 27 ఏళ్లు. పేరు, ఊరు వేయొద్దన్నారు. పుట్టిల్లు ఒక పల్లె, అత్తగారిల్లు అక్కడికి బస్సులో నాలుగు గంటల దూరంలో ఉన్న పెద్ద ఊరు అని మాత్రం చెప్పుకుంటే చాలు. పెళ్లయి నాలుగేళ్లు. 14 నెలల బాబు, ఇంకా పాలు మానలేదు. భర్తది ప్రైవేటు ఉద్యోగం. మామగారు లేరు. అత్తగారికి 61 ఏళ్లు, పదేళ్లుగా షుగరు. ఉండేది రెండు పడగ్గదుల అద్దె ఇల్లు.

కార్తీక మాసంలో ఈ అమ్మాయికి దగ్గు పట్టుకుంది. మందుల షాపులో ఇచ్చిన సిరప్పు తాగారు. వీధి చివర డాక్టరు దగ్గర రెండు విడతలు యాంటీబయాటిక్స్ వాడారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది, రాత్రిళ్లు జాకెట్టు తడిసేలా చెమటలు పట్టేవి. సంక్రాంతికి పుట్టింటికి వెళితే తల్లి చూసి "ఇట్లా పుల్లలా అయిపోయావేంటే" అంటూ కనుమ వెళ్లగానే ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లింది. కళ్లె పరీక్ష మెషీన్‌లో చేశారు. టీబీ అని తేలింది. వెంటనే మందులు మొదలుపెట్టారు.

ఆస్పత్రి గేటు దాటకముందే తల్లి ఒట్టు వేయించుకుంది. "మీ అత్తగారింట్లో చెప్పకు. నిమ్ము చేసిందని చెబుదాం." ఎందుకంటే చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు. ఇంకో కారణం పాతది. ఈ అమ్మాయి తాతగారు, అంటే తండ్రికి తండ్రి, ఈ జబ్బుతోనే పోయారు. కొత్త కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన తల్లి ఆయన కంచం, గ్లాసు పశువుల చావిట్లో పెట్టడం చూసింది. ఆయన పోయాక చాప కూడా తగలబెట్టారు. "క్షయ ఉన్న వంశం" అన్న మాట వల్ల మేనత్తకి రెండు సంబంధాలు తప్పిపోయాయి.

ఆరోగ్య కేంద్రంలో బాబును తీసుకురమ్మన్నారు, అత్తగారింటి అడ్రసు అడిగారు, బ్యాంకు ఖాతా నంబరు అడిగారు. బాబు ఊళ్లో లేడని చెప్పి, పుట్టింటి అడ్రసే ఇచ్చారు. ఖాతా లేదన్నారు, ఎందుకంటే డబ్బు పడితే మెసేజ్ వెళ్లేది భర్త ఫోనుకి. మూడు వారాలు పుట్టింట్లో ఉండి తిరిగి వచ్చేశారు. మందులు తమ్ముడు తెచ్చి ఇస్తున్నాడు, గోంగూర పచ్చడి సీసాతో పాటు.

ఆమె మాటల్లోనే కొంత ఇస్తున్నాను: "అట్టలు బీరువాలో పెళ్లి పట్టుచీర మడతలో పెట్టాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి బాత్‌రూమ్‌లోకి తీసుకెళ్తాను. అట్ట చిటపటమనకుండా చీర కొంగులో పెట్టి నొక్కుతాను. కుళాయి తిప్పి ఆ నీళ్లతోనే మింగుతాను. మూత్రం నారింజ రంగులో వస్తుంది కదా, ఎవరైనా చూస్తారని నాలుగు మగ్గులు పోస్తాను. మా ఆడపడుచు వచ్చి వారం ఉంది. బీరువా ఉన్న గది తనకి ఇచ్చాం. ఐదు రోజులు వేసుకోలేకపోయాను. మొత్తం మీద తొమ్మిది రోజులు తప్పాయి."

ఇప్పటికి ఆరు వారాలైంది. దగ్గు పోయింది, ఆకలి వేస్తోంది, రెండు కిలోలు పెరిగారు. బాగానే ఉంది కదా, మానేయొచ్చా అని అడుగుతున్నారు. బాబుకి పాలివ్వొచ్చా? చెప్పకపోవడం తప్పా? చెబితే నా కాపురం ఏమవుతుంది? ఇవీ ప్రశ్నలు. చివర్లో, సంతకానికి పైన, ఒక్క వాక్యం: "మా అత్తయ్యకి కూడా పది రోజులుగా కొంచెం దగ్గుగా ఉంది, చలి వెళ్లి ఎండలు వస్తున్నాయి కదా, అందువల్లేమో."

అమ్మా,

ఆ చివరి వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. మీరూ అక్కడ ఆగే ఉంటారు. అసలు ఈ ఉత్తరం మీతో రాయించింది ఆ దగ్గే అని నాకు అనిపిస్తోంది. దాని దగ్గరికి వస్తాను. ముందు మీ గురించి.

మీరు ఏ తప్పూ చేయలేదు. టీబీ గాలిలో వచ్చే జబ్బు. ఊపిరితిత్తుల్లో టీబీ ఉన్న మనిషి దగ్గినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు కంటికి కనిపించనంత చిన్న తుంపరలు బయటికి వస్తాయి. మూసిన గదిలో అవి గంటల తరబడి తేలుతూ ఉంటాయి. వాటిని పీల్చినవాళ్ల ఒంట్లోకి క్రిమి చేరుతుంది. బస్సులో, బ్యాంకు క్యూలో, పెళ్లి పందిట్లో ఎక్కడైనా పీల్చి ఉండొచ్చు. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మంది ఒంట్లో ఈ క్రిమి నిద్రపోతూ ఉందని అంచనా. వాళ్లలో నూటికి ఐదు నుంచి పది మందికే జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు జబ్బుగా బయటపడుతుంది. కాన్పు తర్వాత, తిండీ నిద్రా సరిగా లేనప్పుడు ఒంట్లో శక్తి తగ్గుతుంది, అది అప్పుడు లేస్తుంది. పసిబిడ్డ తల్లికి ఆ రెండూ ఎంత దొరుకుతాయో మీకు నేను చెప్పాలా.

ఇది వంశంలో వచ్చే జబ్బు కాదు. తాతగారి టీబీకీ మీ టీబీకీ రక్తసంబంధం లేదు. ఒకే ఇంట్లో ఒకే గాలి పీల్చేవాళ్లు కాబట్టి ఒకరి తర్వాత ఒకరికి వచ్చేది, దాన్నే మన పెద్దలు వంశంలో ఉందనుకున్నారు. కంచం, గ్లాసు, చాప వల్ల ఇది అంటుకోదు. పాపం ఆ పెద్దాయన అన్నం చావిట్లో తిన్నందువల్ల ఆ ఇంట్లో ఎవరికీ ఏ రక్షణా రాలేదు.

ముప్పై ఏళ్లుగా ఛాతీ జబ్బుల వైద్యం చేస్తున్నాను. టీబీ అని చెప్పగానే మగవాళ్లు ఎక్కువగా అడిగేది, "పనికి ఎప్పుడు వెళ్లొచ్చు?" అని. ఆడవాళ్లు అడిగేది, "ఇంట్లో చెప్పాలా?" అని. మీరు రెండోది అడిగారు. దాన్ని తేలిగ్గా తీసుకునే హక్కు నాకు లేదు. అందుకే "వెంటనే అందరికీ చెప్పేయండి" అని ఒక్క ముక్కలో తేల్చడం లేదు.

మందులు మాత్రం మానొద్దు. ఈ ఒక్క విషయంలో మీకు రెండు దారులు లేవు.

మీకు బాగైనట్టు ఎందుకు అనిపిస్తోందో చెబుతాను. టీబీ క్రిముల్లో చురుగ్గా పెరిగేవి కొన్ని, మందకొడిగా నక్కి ఉండేవి కొన్ని. చురుకైనవి మొదటి వారాల్లోనే పెద్ద సంఖ్యలో చచ్చిపోతాయి. దగ్గు, జ్వరం తెచ్చేవి అవే కాబట్టి మనిషికి తేరుకున్నట్టు ఉంటుంది. నక్కినవాటిని చంపడానికే మిగతా నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు వేసేది అందుకే. మధ్యలో ఆపితే మిగిలినవి మళ్లీ లేస్తాయి. ఈసారి ఆ మందులకు లొంగనివి లేచే ప్రమాదం ఉంది. అప్పుడు వాడే మందులు వేరు, వాటి బాధలు ఎక్కువ, మాటిమాటికీ పరీక్షలు. ఇంకా చెప్పాలంటే, మీ దగ్గర్నుంచి ఎవరికైనా అంటితే వాళ్లకు అంటేది కూడా ఆ మొండి రకమే. మిమ్మల్ని టెన్షన్ పెట్టాలని చెప్పడం లేదు. పరీక్ష మెషీన్‌లో చేశారు. మందుల్లో ముఖ్యమైన రిఫాంపిసిన్‌కి క్రిమి లొంగుతుందో లేదో ఆ మెషీన్ అప్పుడే చెప్పేస్తుంది. మీకు మామూలు కోర్సే ఇచ్చారంటే లొంగుతుందనే అర్థం. ఆ మంచి పరిస్థితిని చేజార్చుకోవద్దు.

తప్పిన తొమ్మిది రోజుల సంగతి మందులిచ్చే సిబ్బందికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తిడతారని దాచొద్దు. చాలాసార్లు తప్పిన రోజుల్ని కోర్సుకు కలుపుతారు. ఇంకేమైనా మార్చాలా అన్నది డాక్టరు చూస్తారు. మీ అంతట మీరు రెండు రోజులవి కలిపి వేసుకోకండి. రెండు నెలలు నిండగానే మళ్లీ కళ్లె పరీక్ష ఉంటుంది. మీ విషయంలో అది మామూలు కంటే ముఖ్యం, తప్పించుకోవద్దు.

ఇప్పుడు బాబు. పాలు మాన్పించకండి. తల్లిపాలలో టీబీ క్రిమి రాదు. మీరు వేసుకునే మందులు పాలలోకి కొద్దిగా వెళ్తాయి, దానివల్ల బాబుకి హాని లేదు. అయితే ఆ కొద్ది మందు బాబును టీబీ నుంచి కాపాడేంత ఉండదు. పాలిచ్చేటప్పుడు, ఎత్తుకున్నప్పుడు మాస్కు పెట్టుకోండి. రెండు నెలల పరీక్షలో క్రిమి లేదని తేలేదాకా ఆ అలవాటు ఉంచుకోండి. పడుకునే గదిలో కిటికీలు తీసి ఉంచండి. దోమలైతే కిటికీకి మెష్ కొట్టించండి, తలుపులు మాత్రం బిగించొద్దు.

ఇక్కడ మీకు ఒక పాత సంగతి చెప్పాలి. ఒకప్పుడు టీబీ అంటే ఇల్లు వదిలి శానిటోరియం అనే టీబీ ఆస్పత్రిలో నెలల తరబడి ఉండటమే వైద్యం. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం అలా పుట్టిందే. 1956లో మద్రాసులో ఒక పరిశోధన కేంద్రం మొదలైంది. అక్కడి వైద్యులు రోగుల్ని రెండు గుంపులు చేశారు. ఒక గుంపును శానిటోరియంలో మంచి తిండి, విశ్రాంతి మధ్య ఉంచి మందులిచ్చారు. రెండో గుంపును వాళ్ల ఇరుకు ఇళ్లలోనే, భార్యాబిడ్డల మధ్యే ఉంచి అవే మందులిచ్చారు. 1959లో ఫలితాలు ప్రచురించారు. నయమవడంలో పెద్ద తేడా లేదు. అంతకంటే ముఖ్యమైంది, ఇంట్లో ఉన్నవాళ్ల కుటుంబాల్లో టీబీ అదనంగా ఏమీ పెరగలేదు. ప్రపంచమంతా శానిటోరియాలు మూసేసి ఇంటి దగ్గరే వైద్యం చేయడానికి ఆ మద్రాసు పరిశోధన పెద్ద కారణం.

ఇది ఎందుకు చెప్పానంటే, ఇంట్లోవాళ్లకు అసలు ప్రమాదం మందులు మొదలుపెట్టాక కంటే అంతకు ముందు రోజుల్లోనే ఎక్కువ. క్రమంగా మందులు వేసుకుంటే కొద్ది వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా చలికి తలుపులు వేసుకుని, బాబును పక్కలో వేసుకుని దగ్గిన ఆ రెండు నెలలే లెక్కలోకి వస్తాయి. అప్పుడు మీకు తెలియదు, ఎవరూ చేయగలిగింది లేదు. కానీ ఆ రెండు నెలల్లో బాబు, మీవారు, అత్తగారు ఏం పీల్చారో ఇప్పుడు చూసుకోవచ్చు. చూసుకోవాలి.

బాబు చలాకీగా ఉన్నాడని రాశారు, చాలా సంతోషం. పుట్టగానే వేసిన బీసీజీ టీకా చిన్నపిల్లల్లో వచ్చే తీవ్రమైన టీబీల నుంచి, ముఖ్యంగా మెదడు పొరలకు వచ్చేదాని నుంచి చాలావరకు కాపాడుతుంది. చాలావరకు అంటే పూర్తిగా అని కాదు. ఐదేళ్ల లోపు పిల్లల్లో క్రిమి చేరితే జబ్బుగా మారడం పెద్దల్లో కంటే ఎక్కువ, త్వరగా కూడా. అందుకే ఇంట్లో ఒకరికి ఊపిరితిత్తుల టీబీ అంటే పసిపిల్లల్ని తప్పకుండా పరీక్ష చేయమంటారు. జబ్బు లేదని తేలితే రాకుండా ఉండేందుకు ఐసోనియాజిడ్ అనే మందును బరువును బట్టి రోజూ ఆరు నెలలు ఇస్తారు. ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. ఆరోగ్య కేంద్రంలో బాబును తీసుకురమ్మన్నది ఇందుకే. మీరు ఊళ్లో లేడని చెప్పడం వల్ల ఆ మందు బాబుకి ఆరు వారాలుగా అందలేదు. దెప్పడానికి అనడం లేదు. ఈ వారంలో సరిదిద్దుకోగలిగింది కాబట్టి అంటున్నాను. ఈలోగా బాబుకి జ్వరం వస్తూ పోతున్నా, బరువు పెరగకపోయినా, మగతగా ఉన్నా, వాంతులవుతున్నా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లి "నాకు టీబీ ఉంది" అని డాక్టరుకు చెప్పండి. ఆ మూడు మాటలు వింటే డాక్టరు చూసే తీరే మారిపోతుంది.

ఇక మీ అత్తగారి దగ్గు. మామూలుగా రెండు వారాలు దాటిన దగ్గుకు టీబీ పరీక్ష చేయించమంటాం. ఇంట్లో టీబీ ఉన్న మనిషి ఉంటే ఆ లెక్క పట్టించుకోం, దగ్గు ఎన్ని రోజులదైనా పరీక్షే. షుగరు ఉన్నవాళ్లకు టీబీ వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. అది మామూలు జలుబే కావచ్చు, అలాగే అయితే బాగుండునని నేనూ కోరుకుంటున్నాను. కానీ ఆవిడ రేపు వీధి చివర డాక్టరు దగ్గరికే వెళ్తుంది. మీకు జరిగినట్టే సిరప్పు, యాంటీబయాటిక్స్, తగ్గినట్టే తగ్గడం, మళ్లీ రావడం. ఇంట్లో టీబీ ఉందని ఆ డాక్టరుకు ఎవరు చెబుతారు? ఆ సంగతి ఆ ఇంట్లో తెలిసింది మీ ఒక్కరికే.

ఇప్పుడు మీరు తీసుకోగలిగిన దారులు చూద్దాం.

ఇలాగే జూలై దాకా దాచడం ఒకటి. సాధ్యం కాదని అనను, మీలా నెట్టుకొచ్చినవాళ్లను చూశాను. కానీ ఇంకా నాలుగు నెలల పైన ఉంది. ఆడపడుచు మళ్లీ వస్తుంది, శుభకార్యాలుంటాయి, ఎవరో ఒకరు ఆ బీరువా తెరుస్తారు. మాత్రలు తప్పుతూనే ఉంటాయి. బాబుకి మందు ఇవ్వడం కుదరదు, ఎందుకంటే ఆరు నెలలు రోజూ బాబుకి ఏం వేస్తున్నావని అత్తగారు అడుగుతారు. అత్తగారికి పరీక్ష ఉండదు. ఈ దారిలో మీరొక్కరే బాగుపడినా నేను సంతోషించలేను.

మందులయ్యేదాకా పుట్టింట్లో ఉండటం ఇంకొకటి. మీ అమ్మగారి ఆలోచన ఇదే అని రాశారు. అక్కడైతే మాత్రలు తప్పవు, బాబుకి మందు మొదలుపెట్టొచ్చు, మీకు తిండీ నిద్రా దొరుకుతాయి. మీ ఆరోగ్యం వరకు చూస్తే ఇది మంచి దారే. కానీ కారణం చెప్పకుండా కోడలు నెలల తరబడి పుట్టింట్లో ఉంటే జనం వాళ్లకు తోచిన కథ అల్లుతారు, అది టీబీ కంటే మంచి కథ అవుతుందన్న నమ్మకం లేదు. పైగా అత్తగారి దగ్గు, మీవారి సంగతి అలాగే ఉండిపోతాయి.

మూడోది సగం దారి. ఎవరికీ మీ సంగతి చెప్పకుండా అత్తగారిని మాత్రం పరీక్షకు తీసుకెళ్లడం. షుగరు ఉన్నవాళ్లు దగ్గుతుంటే టీబీ పరీక్ష చేయడం ప్రభుత్వ ఆస్పత్రుల్లో మామూలే. కాబట్టి "అత్తయ్యా, షుగరుంది కదా, ఒకసారి ఎక్స్‌రే, కళ్లె పరీక్ష చేయిద్దాం" అంటే అది అబద్ధమేమీ కాదు. అక్కడి డాక్టరుకు మీరు విడిగా నిజం చెప్పొచ్చు. మీ జబ్బు సంగతి మీ అనుమతి లేకుండా ఇంట్లోవాళ్లకు చెప్పకూడదన్నది వైద్యుల నియమం, ఆ మాట గుర్తు చేసి మరీ చెప్పండి. ఈ దారి అత్తగారి దగ్గు ఏమిటో తేలుస్తుంది. కానీ పరీక్షలో ఏమీ లేదని తేలితే అక్కడితో ఆగిపోతుంది. ఇంట్లో టీబీ ఉన్నవాళ్లతో కలిసి ఉన్న పెద్దలకు కూడా జబ్బు లేదని నిర్ధారించాక రాకుండా మందులు ఇస్తారు. ఎందుకు వేసుకుంటున్నారో తెలియని మనిషి ఆ మందులు నెలల పాటు వేసుకోదు. ఇవాళ మీకు ఇంకేదీ చేసే ధైర్యం లేకపోతే ఇదైనా చేయండి. మీవారితో మాట్లాడటం వాయిదా పడినా ఈ పరీక్ష వాయిదా పడకూడదు.

నాలుగోది మీవారికి చెప్పడం. నన్నడిగితే ఇదే, ఈ వారంలోనే.

"మావారు మంచివారే, కానీ వాళ్లమ్మ దగ్గర ఏదీ దాచలేరు" అని రాశారు. ఆ వాక్యాన్ని రెండు మూడు సార్లు చదివాను. మీకు అది భయంగా కనిపిస్తోంది. నాకు అందులో వీలు కూడా కనిపిస్తోంది. ఆయన ఎలాగూ చెబుతారు కాబట్టి, ఎలా చెప్పాలో ముందే ఆయనకు తెలిస్తే అత్తగారికి చెప్పే బరువు మీ మీద ఉండదు. అందుకని ఇంట్లో రాత్రిపూట, అత్తగారు పక్క గదిలో ఉండగా గుసగుసగా చెప్పకండి. "నా రిపోర్టు చూపించాలి, నాతో రండి" అని మీ ఊరి ఆరోగ్య కేంద్రానికో, జిల్లా ఆస్పత్రికో తీసుకెళ్లండి. లోపలికి వెళ్లే ముందు, బయట చెట్టు కింద కూర్చున్నప్పుడు చెప్పండి. "నాకు జరిగింది నిమ్ము కాదండి, టీబీ. సంక్రాంతికి తెలిసింది. భయపడి దాచాను. మందులు వేసుకుంటున్నాను, తగ్గుతోంది. బాబుకి, అత్తయ్యకి, మీకు పరీక్ష చేయించాలి, అందుకు తీసుకొచ్చాను." ఇంతే. అమ్మ ఒట్టు వేయించుకుందని అప్పుడే చెప్పకండి. అది మొదట చెబితే మాట జబ్బు మీద నుంచి మీ పుట్టింటి మీదికి మళ్లుతుంది. తర్వాత లోపలికి వెళ్లి, ఆయనకున్న అనుమానాలన్నీ డాక్టరునే అడగనివ్వండి. భార్య చెబితే "నీకేం తెలుసు" అనే మనిషి కూడా డాక్టరు చెబితే వింటాడు. అది న్యాయమని నేననను, కానీ మీకిప్పుడు ఉపయోగపడుతుంది.

ఆయనకు కోపం రావచ్చు. జబ్బు వచ్చినందుకు కాదు, దాచినందుకు. ఆ కోపానికి కొంత చోటివ్వండి. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. ఆరు వారాలు దాచాక వచ్చే కోపం ఒక ఎత్తు, అత్తగారి రిపోర్టు చేతికొచ్చాక వచ్చే కోపం ఒక ఎత్తు.

అత్తగారు కంచం వేరు చేయొచ్చు. దానికి సిద్ధంగా ఉండండి. మొదటి వారంలోనే కంచం గురించి వాదించి గెలవాలని చూడకండి. టీబీ విభాగం వాళ్లను ఇంటికి రమ్మనండి. ఆశా కార్యకర్తో, ఏఎన్‌ఎమ్మో అత్తగారి ఎదురుగా కూర్చుని గిన్నెల వల్ల రాదని, గాలి వల్ల వస్తుందని, కిటికీలు తీయమని చెబితే ఆవిడకు ఇంట్లో ఏం చేయాలో ఒక పని దొరుకుతుంది. భయపడిన మనిషి చేతికి సరైన పని ఇవ్వకపోతే తప్పు పని చేస్తుంది. మీ తాతగారి ఇంట్లో జరిగింది అదే. అయినా ఆవిడ మాటలతో, చేతలతో మిమ్మల్ని బాధపెడుతుంటే, మీవారు కూడా అడ్డుపడకపోతే, అప్పుడు పుట్టిల్లు ఉండనే ఉంది. అందరికీ చెప్పి వెళ్లే పుట్టిల్లు వేరు, దాక్కోవడానికి వెళ్లే పుట్టిల్లు వేరు. మీరు రాయలేదు గానీ, ఆ ఇంట్లో చేయి చేసుకునే అలవాటు ఉంటే నేను చెప్పిన వరస మార్చండి. ముందు బాబుతో పుట్టింటికి వెళ్లి, అక్కడి నుంచి ఆరోగ్య సిబ్బంది ద్వారా కబురు చేయించండి.

కాపురం సంగతి అడిగారు కాబట్టి చట్టం మాట కూడా చెబుతాను. హిందూ వివాహ చట్టంలో విడాకులకు రాసిన కారణాల్లో టీబీ లేదు. కుష్ఠు ఒకప్పుడు ఉండేది, 2019లో దాన్నీ తీసేశారు. ఆరు నెలల్లో నయమయ్యే జబ్బును చూపించి మిమ్మల్ని ఎవరూ వదిలించుకోలేరు.

మీ అమ్మగారి మీద నాకు కోపం లేదు. చావిట్లో ఆ కంచం చూసిన కొత్త కోడలు కూతురికి ఇంకేం చెబుతుంది? కానీ చెల్లి పెళ్లి కోసం అని ఆవిడ అన్న మాట నిలబడదు. చెల్లి కూడా పండక్కి మీతో ఒకే గదిలో పడుకుని ఉంటుంది. చెల్లికీ, మీ అమ్మానాన్నలకీ, తమ్ముడికీ పరీక్ష అవసరం. ఆరోగ్యంగా ఉందని రిపోర్టు ఉన్న చెల్లికి సంబంధం చేయడం సులువు. ఒట్టు సంగతి బాధపెడుతుంటే, మీవారికి చెప్పే ముందు రోజు అమ్మకు ఫోన్ చేసి "చెబుతున్నాను" అనండి. చెప్పనా అని మాత్రం అడగకండి.

మిగిలిన చిన్న విషయాలు. పచ్చడి సీసాతో మందులు రావాల్సిన పని లేదు. మీ పేరు కంప్యూటర్లో నమోదై ఉంది, దాన్ని మీరున్న ఊరికి మార్పించుకోవచ్చు, దేశంలో ఎక్కడైనా మందులు ఉచితం. 1800-11-6666 టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసినా ఎలా మార్చాలో చెబుతారు. బ్యాంకు ఖాతా అడిగింది పోషకాహారానికి ఇచ్చే డబ్బు కోసం, ఇప్పుడు నెలకు 1,000 రూపాయల లెక్కన. గుడ్లు, పప్పు, పాలు కొనుక్కోండి. పాలిచ్చే తల్లికి, పైగా టీబీ మందులు వాడే తల్లికి అది చిన్న మొత్తం కాదు. నారింజ రంగు మూత్రం రిఫాంపిసిన్ వల్ల, హాని లేదు. కానీ కళ్లు పచ్చబడినా, ఆగకుండా వాంతులవుతున్నా, చూపు మసకబారినా, ఎరుపు ఆకుపచ్చ రంగులు తేడా తెలియకపోయినా, అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. పిల్లలు వద్దని గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే, ఈ మందులతో అవి సరిగా పనిచేయవు. వేరే పద్ధతి అడిగి తీసుకోండి. ఇది చాలామందికి ఎవరూ చెప్పరు.

రేపు ఉదయం ఒక్క పని చేయండి. ఆ అట్టలు పట్టుచీర మడతలో నుంచి తీసి మీ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోండి. ఎవరు వచ్చి ఏ గదిలో పడుకున్నా అది మీ దగ్గరే ఉంటుంది, ఒక్క రోజు కూడా తప్పదు. మీవారికి చెప్పేదాకా అక్కడే ఉండనివ్వండి. తర్వాత వంటింట్లో, అత్తగారి షుగరు మాత్రల డబ్బా పక్కన పెట్టుకోవచ్చు.

బాబు బరువు ఎంత ఉన్నాడో, అత్తగారి కళ్లె పరీక్షలో ఏం వచ్చిందో మళ్లీ రాయండి. ఎదురుచూస్తుంటాను.